వీధి మొగన జవాను పేరు

తెలుగు ఊళ్లలో సైనికుల పేర్లున్న వీధులనూ చౌరస్తాలనూ వరసగా చూసుకుంటూ పోతే ఒక సంగతి తేటగా కనబడుతుంది. దాదాపు అన్నీ 1999 తరవాత వచ్చినవే. 1971 యుద్ధంలో దేశం 3,800 మందికి పైగా సైనికులను పోగొట్టుకుంది. 1999 కార్గిల్ పోరులో నేలకొరిగినవాళ్లు 527 మంది. అయినా కార్గిల్ పేర్లు, ఆ తరవాతి పేర్లు వీధి బోర్డుల మీద కనిపిస్తాయి. 1971లో పోయినవాళ్ల పేరు మీద వీధి ఉన్న ఊరు మాత్రం చాలా అరుదు.

మనుషులు మరిచిపోయి కాదు. 1962లో, 1965లో, 1971లో చనిపోయినవాళ్లకు చాలావరకు యుద్ధం జరిగిన చోటనే అంత్యక్రియలు చేసేశారు. ఊరికి వచ్చింది టెలిగ్రాం. ఆ తరవాత ఎప్పటికో ఒక నల్ల ట్రంకు పెట్టె, అందులో బట్టలు, ఫొటోలు, ఇంటివాళ్లు రాసిన ఇన్‌లాండ్ లెటర్లు. ఏడ్పు ఆ ఇంటి గడప లోపలే జరిగింది. ఊరు వీధిలోకి వచ్చి నిలబడే సందర్భం రాలేదు. కార్గిల్‌తో అది మారింది. పార్థివ దేహాలను విమానాల్లో సొంత రాష్ట్రాలకు, అక్కడి నుంచి పూలు కట్టిన మిలటరీ ట్రక్కుల్లో సొంత ఊళ్లకు పంపడం అప్పటి నుంచి మొదలైంది. జెండా కప్పిన పెట్టె ఏ దారిన ఊళ్లోకి వచ్చిందో, బడిపిల్లలు ఏ దారి పొడుగునా నిలబడ్డారో, ఆ దారికే పేరు పెట్టాలని ఆ పూటే ఎవరో ఒకరు అంటారు. మన వీధి పేర్లు చాలావరకు అంతిమయాత్ర నడిచిన దారిలోనే పుట్టాయి.

అంతకుముందు జవాన్లకు వీధులు లేవా అంటే నోటిమాటగా ఉండేవి. ‘మిలట్రీ వాళ్ల సందు’, ‘సుబేదారు గారి మేడ’, ‘హవల్దారు గారి బావి’ అంటే ఊరందరికీ తెలిసేది. ఏ కాగితమ్మీదా లేని పేర్లవి. 56 ఏపీఓ (సైనికులకు ఉత్తరాలు చేర్చే ఆర్మీ పోస్టాఫీసు) అడ్రసుకు ఉత్తరాలు రాసిన తరం, ఆ ఉత్తరాలు పంచిన పోస్ట్‌మ్యాన్ ఉన్నంతవరకు నిలిచాయి. ఆ మేడ పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టినప్పుడు దాంతోపాటే పోయాయి.

ఇంకా వెనక్కి వెళితే పేరు కూడా లేదు, అంకె ఒక్కటే. మొదటి ప్రపంచయుద్ధం తరవాత పాత మద్రాసు ప్రెసిడెన్సీ ఊళ్లలో తెల్లటి చలువరాతి ఫలకాలు పెట్టించారు. ‘1914-1919 మహాయుద్ధానికి ఈ ఊరి నుంచి ఇంతమంది వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు’ అని ఇంగ్లిషులో రెండు ముక్కలు. వెల్లూరు గడియార స్తంభం మీద అలాంటిది ఇప్పటికీ ఉంది: 277 మంది వెళ్లారు, 14 మంది పోయారు అని. ఆ 14 మంది ఎవరి పిల్లలో రాయి చెప్పదు.

పేరు నిలబడిన చోట్ల చూడాలంటే సూర్యాపేట చూడాలి. కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, 16 బిహార్ బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసరై, 2020 జూన్ 15న గల్వాన్ లోయలో ప్రాణాలర్పించారు. 17న పార్థివ దేహం హకీంపేట వైమానిక స్థావరానికి చేరి, అక్కడి నుంచి రోడ్డు మీద సూర్యాపేటకు వచ్చింది. 18న కేసారంలో అంత్యక్రియలు. ఏడాది తిరిగేసరికి, 2021 జూన్ 15న, కోర్టు చౌరస్తాలో కాంస్య విగ్రహం నిలిచింది. చౌరస్తాకు ఆయన పేరు వచ్చింది. ఆయనకు మరణానంతరం మహా వీర చక్ర ప్రకటించారు. కార్గిల్‌లో హైదరాబాద్ వాసి మేజర్ పద్మపాణి ఆచార్యకూ అదే పురస్కారం దక్కింది. 2 రాజ్‌పుతానా రైఫిల్స్ అధికారిగా ఆయన 1999 జూన్ 28న తోలోలింగ్ ప్రాంతంలో శత్రు బంకర్ల మీద దాడి నడిపిస్తూ పోయారు. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కళ్లితండా కుర్రాడు మురళీ నాయక్ 2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర పోయినప్పుడు, తండా పేరే మురళీ నాయక్ తండాగా మారుస్తామన్న ప్రకటన అంత్యక్రియల రోజుల్లోనే వచ్చింది. బయటి రాష్ట్రాల్లోనూ ఇదే తీరు: బెంగళూరు యలహంకలో మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ రోడ్డు, నోయిడాలో కెప్టెన్ విజయంత్ థాపర్ మార్గ్, లక్నో గోమతీనగర్‌లో కెప్టెన్ మనోజ్ పాండే చౌరాహా.

ఇవన్నీ అందరి కళ్లలో పడ్డవి. చిన్న ఊళ్లలో పేరు పెట్టడం, పెట్టిన పేరు నిలబెట్టుకోవడం వేరే పని. అక్కడ తప్పులు ఎక్కడెక్కడ జరుగుతాయో కాస్త వివరంగా చెప్పుకోవాలి. పదేళ్లకే మాసిపోయిన బోర్డులు, తప్పు పేరు చెక్కిన రాళ్లు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

మొదటి పని వివరాలు సరిచూసుకోవడం. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, బడి రికార్డులో ఒకటి, మిలటరీ రికార్డులో ఇంకొకటి ఉంటాయి. భర్తీ రోజున ఇంగ్లిషులోనో హిందీలోనో రాసుకున్న గుమాస్తా మన ఇంటిపేరును చివరకు తోశాడో, అసలే వదిలేశాడో చూడాలి. ఇందుకు ఇంట్లోనే ఒక సాక్ష్యం ఉంటుంది, ఆ ట్రంకు పెట్టె. మూత మీద తెల్ల పెయింటుతో వరసగా నెంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ రాసి ఉంటాయి. తుప్పు పట్టినా తడిగుడ్డతో తుడిచి ఏటవాలుగా టార్చి వేస్తే అక్షరాలు తేలతాయి. అయితే ఆ ర్యాంకును గుడ్డిగా నమ్మకూడదు. పెట్టె మీద రాయించినప్పుడు సిపాయిగా ఉన్న మనిషి చనిపోయేనాటికి లాన్స్ నాయకో నాయకో అయి ఉండొచ్చు. నాయబ్ సుబేదారు అయితే నెంబరు కూడా మారిపోతుంది, ఆ హోదా నుంచి మొదలయ్యే జేసీఓలకు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకు) వేరే వరస. కాబట్టి పెట్టె మీది నెంబరు పట్టుకుని రికార్డ్స్ ఆఫీసుకు రాయాలి. మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, మద్రాస్ శాపర్స్ అయితే బెంగళూరు, ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్ క్యాంప్, ఈఎంఈ (యంత్రాల మరమ్మతు విభాగం), ఏఓసీ (ఆయుధాలు, సరుకుల సరఫరా విభాగం) అయితే సికింద్రాబాద్. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రాయిస్తే జవాబు తొందరగా వస్తుంది. కుటుంబ పెన్షన్ కాగితాలున్నా చాలా పని తీరిపోతుంది.

స్వాతంత్ర్యం తరవాత పోయినవాళ్ల పేర్లు ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకంలో ఉన్నాయి. 2019 ఫిబ్రవరి 25న తెరిచిన ఆ స్మారకంలోని త్యాగ చక్రంలో 16 గోడల మీద, ఒక్కొక్కరికి ఒక్కో గ్రానైట్ పలకగా, అప్పటికి 25,942 పేర్లు చెక్కారు. వాళ్ల వెబ్‌సైటులో వెతుక్కోవచ్చు. రెండో ప్రపంచయుద్ధంలో బర్మాలో, మలయాలో పోయిన తెలుగువాళ్లైతే కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితాలో దొరుకుతారు. చాలామందికి తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా రాసి ఉంటాయి. అక్కడ ఇప్పటి ఊరి పేర్లు కొడితే ఏమీ రాదు. దొరల కాలపు స్పెల్లింగులు కొట్టాలి: విశాఖకు విజగపటం, కాకినాడకు కొకనాడ, ఏలూరుకు ఎల్లోర్, శ్రీకాకుళానికి చికకోల్, విజయవాడకు బెజవాడ. ఇది తెలియకే మా ఊళ్లో ఎవరూ లేరనుకుని ఆగిపోయినవాళ్లు ఎందరో.

ఇక బోర్డు మీద ఏం రాయాలన్నది. ఎక్కువగా దొర్లే తప్పు యూనిట్ దగ్గర. ‘16 బిహార్’ అంటే బిహార్ రెజిమెంటులో పదహారో బెటాలియన్. దాన్ని ‘16వ బీహార్ రెజిమెంట్’ అని రాసేస్తారు. రెజిమెంటు ఒక్కటే, అంకె బెటాలియన్‌ది. రాష్ట్రీయ రైఫిల్స్‌లో పనిచేస్తూ పోయినవాళ్లకు సొంత రెజిమెంటు వేరే ఉంటుంది. చోటు ఉంటే రెండూ రాయాలి, లేకపోతే చనిపోయేనాడు ఉన్న యూనిట్ రాయాలి. కాలాళ్లలో సిపాయి అనే హోదాకు ఆర్టిలరీలో గన్నర్, ఇంజినీర్లలో శాపర్, సిగ్నల్స్‌లో సిగ్నల్‌మ్యాన్ అంటారు. అందరినీ జవాను అని చదును చేసేస్తే ఆ మనిషి చేసిన పని కనబడకుండా పోతుంది.

తేదీ దగ్గర ఇంకో చిక్కుంది. ఊరికి గుర్తుండేది అంత్యక్రియల రోజు, రాయాల్సింది నేలకొరిగిన రోజు. రెండింటి మధ్య రెండు మూడు రోజులు తేడా మామూలే. 2021 డిసెంబరు 8న కూనూరు హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన లాన్స్ నాయక్ సాయితేజను డీఎన్ఏ పరీక్షతో గుర్తించి కురబలకోట మండలం ఎగువరేగడకు తీసుకొచ్చేసరికి 12వ తేదీ అయింది. ఇలాంటిచోట బోర్డు మీద ఒక తేదీ, వర్ధంతి ఫ్లెక్సీ మీద ఇంకో తేదీ పడితే పిల్లలకు ఏది నిజమో తెలియదు. పురస్కారం పేరు కూడా రక్షణశాఖ ప్రకటనలో ఉన్నట్టే ఉండాలి. సేనా మెడల్ వచ్చినవారికి అభిమానం కొద్దీ ‘వీర చక్ర’ అని రాయడం ఆయనకు గౌరవం కాదు. ఉన్నదే గొప్పది.

తీర్మానం సంగతికి వస్తే, అసలు ఊపిరి అక్కడే ఉంది. అంత్యక్రియల వేదిక మీద చెప్పిన మాట మాటే, రికార్డు కాదు. పంచాయతీ అయితే గ్రామసభలో పెట్టి మినిట్స్ పుస్తకంలో తీర్మానం నెంబరుతో రాయించాలి. మునిసిపాలిటీ అయితే వార్డు కౌన్సిలరు అజెండాలో అంశంగా పెట్టించాలి. తీర్మానంలో ‘ఫలానా రోడ్డు’ అని ఊరుకోకుండా ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది ఇంటి నెంబర్లతో సహా రాయాలి. లేకపోతే పదేళ్లకు పేరు సగం వీధికి కుదించుకుపోతుంది. ముందుగా ఆ రోడ్డు ఎవరిదో కనుక్కోవాలి. ఊరి మధ్య నుంచి పోయే పెద్ద రోడ్డు చాలాచోట్ల ఆర్ అండ్ బీ వాళ్లది, దానికి మునిసిపాలిటీ తీర్మానం ఒక్కటే చాలదు. ఈ సంగతి చూసుకోకుండా పెట్టిన బోర్డులు రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మొదట లేచిపోతాయి, తిరిగి పెట్టమని అడిగే హక్కు కూడా ఎవరికీ ఉండదు. తీర్మానం నకలు ఆఫీసు ముద్రతో తీసుకుని ఒకటి కుటుంబం దగ్గర, ఒకటి ఊరి బడిలో ఉంచాలి. పాలకవర్గం గడువు ఐదేళ్లు. కొత్తవాళ్లు వచ్చి ‘మాకు తెలియదే’ అన్నప్పుడు చూపించడానికి ఆ కాగితమే దిక్కు.

విగ్రహమా, వీధి పేరా అన్న చర్చ ప్రతి ఊళ్లోనూ వస్తుంది. 2013 జనవరిలో సుప్రీంకోర్టు రోడ్ల మీద, పేవ్‌మెంట్ల మీద, ప్రజలు వాడుకునే స్థలాల్లో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలను ఆదేశించింది. విగ్రహం పెట్టేట్టయితే బడి ఆవరణలోనో కుటుంబం ఇచ్చిన సొంత స్థలంలోనో పెట్టుకోవడం మేలు. వీధి పేరుకు ఈ అడ్డంకి లేదు, ఖర్చూ తక్కువ. పైగా రోజూ పదిమంది నోట పడేది వీధి పేరే.

బోర్డు తయారీలో ఫ్లెక్సీని ఒక్క రోజు వేడుకకు తప్ప నమ్మకూడదు. మన ఎండకు ఒక వేసవిలోనే ఎరుపు పాలిపోతుంది, రెండో వేసవికి చిరుగుతుంది. ఇనుప రేకు మీద స్టిక్కరు అంటిస్తే అంచులు లేస్తాయి. రాయి మంచిది, అది కూడా చుక్కల్లేని నల్లరాయి. చీమకుర్తి గెలాక్సీ రాయి ఇంటి గచ్చుకు ఎంత అందమైనా, అందులో మెరిసే బంగారు చుక్కలు పసుపు అక్షరాలతో కలిసిపోయి దూరం నుంచి చదవనివ్వవు. పలక 20 మిల్లీమీటర్ల మందం ఉండాలి, అక్షరం కనీసం 3 మిల్లీమీటర్లు లోతుకు దిగాలి. లేజరుతో గీసినది పైపైనే ఉంటుంది, రంగు పోయిన రోజున అక్షరమూ పోతుంది. ఇసుక తాకిడితో (శాండ్‌బ్లాస్టింగ్) చెక్కించింది రంగు పోయినా వేలితో తడిమి చదవొచ్చు, మళ్లీ రంగు నింపుకోవచ్చు.

తెలుగు అక్షరం దగ్గర మరీ జాగ్రత్త పడాలి. పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి ఇంగ్లిషుకు సరిపోయే వరస ఎడం మనకు చాలదు, కింది వరస గుడి పై వరస వత్తును కొరికేస్తుంది. ఇంకొకటి, ఫోన్లో టైపు చేసి పంపిన యూనికోడ్ తెలుగును డీటీపీ షాపులో ‘అను’ అనే పాత రకం ఫాంట్లలోకి మార్చేటప్పుడు వత్తులు ఊడిపోతాయి, దీర్ఘాలు ఎగిరిపోతాయి. ‘లక్ష్మణ్’ ‘లక్షణ్’ అవుతాడు. కంప్యూటర్ తెర మీద చూసి సరేననకుండా అసలు సైజులో కాగితం మీద తీయించి, ఇంటివాళ్లలో ఒకరితో పైకి చదివించి, వాళ్ల సంతకం పెట్టించుకున్నాకే చెక్కనివ్వాలి. రాతి మీద పడ్డ తప్పును దిద్దలేం. కొత్త రాయి తేవాల్సిందే, ఆ ఖర్చు రెండోసారి ఎవరూ పెట్టరు.

పేరు పొడుగు కూడా చూసుకోవాలి. ‘అమరవీరుడు, దేశమాత ముద్దుబిడ్డ, స్వర్గీయ’ అంటూ బిరుదులన్నీ ఒకే వరసలో పెడితే ఆటోవాడి నోట ఆ పేరు ఎప్పటికీ రాదు. పెద్ద అక్షరాల్లో నోరు తిరిగేంత పేరు ఉంచాలి, రెండు మూడు పదాలు చాలు. ర్యాంకు, యూనిట్, పుట్టిన తేదీ, నేలకొరిగిన చోటు, తేదీ, తీర్మానం నెంబరు కింద చిన్న అక్షరాల్లో. దాత పేరూ ఆవిష్కరించిన నాయకుడి పేరూ సైనికుడి పేరు కంటే పెద్దగా ఉన్న రాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. అవి చూసినప్పుడు ఆ తల్లి ఏమనుకుంటుందో ఒక్కసారైనా ఆలోచించాలి. ఆ పేర్లు కావాలంటే రాయి వెనకవైపు చోటుంది.

నిలబెట్టేటప్పుడు రెండడుగుల గొయ్యి, 1:2:4 పాళ్లలో సిమెంటు, ఇసుక, కంకర కలిపిన కాంక్రీటు, రెండంగుళాల జీఐ (జింకు పూత ఇనుప) పైపు. బోర్డు కింది అంచు నేల నుంచి ఏడడుగులు ఉండాలి. అంతకంటే దిగువనుంటే పోస్టర్లు అంటిస్తారు. దిమ్మె కట్టి రాయి నిలిపేట్టయితే ఇప్పటి రోడ్డు మట్టానికి కాదు, రాబోయే రోడ్డుకు లెక్కవేసి కట్టాలి. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ అరడుగు లేస్తుంది. రెండు రోడ్లు పడేసరికి దిమ్మె కిందికి పోయి అడుగు వరస, అంటే తేదీ ఉన్న వరస, మట్టిలో కలుస్తుంది. వీధి రెండు చివరలా బోర్డు ఉండాలి, ఒక్క చివరనే పెడితే అవతలి సగం పాత పేరుతోనే బతుకుతుంది. దండ వేయడానికి కొక్కెం స్టెయిన్‌లెస్ స్టీలుది వేయించాలి. మామూలు ఇనుము తుప్పు నీరు కారి పేరు మీద ఎర్రటి చార పడుతుంది.

ఇన్ని చేసినా జనం నోట పడకపోతే బోర్డు బోర్డుగానే ఉంటుంది. పాత సినిమా హాలు పడిపోయి ఇరవయ్యేళ్లయినా ‘హాలు వీధి’ అనే అంటారు కదా. పేరు పాకేది మూడు నాలుగు దారుల్లో: ఆటో స్టాండు పేరు, బస్సు స్టాపు, మందుల షాపు బోర్డు కింద అడ్రసు, పెళ్లి శుభలేఖ. వీధిలో కొత్తగా దుకాణం తెరిచినవాళ్లను బోర్డు మీద ఈ పేరు వేసుకోమని అడగడం తేలికైన పని, ఎవరూ కాదనరు. ఇంటిపన్ను రశీదులో డోర్ నెంబరు పక్కన వీధి పేరు పడేట్టు రెవెన్యూ విభాగానికి దరఖాస్తు ఇవ్వాలి. ఆధార్‌లో అడ్రసు మార్చుకునేవాళ్లు అది చూసే రాసుకుంటారు. పాత పేరు మీద కోపం అక్కర్లేదు, కొన్నాళ్లు రెండూ నడవనివ్వాలి.

ఒక మాట మనసులో పెట్టుకోకుండా చెప్పాలి. ఎస్సీ కాలనీ నుంచో తండా నుంచో వెళ్లిన కుర్రాడు పోయినప్పుడు, ఊరంతా కదిలివచ్చి కూడా, పేరు పెట్టే వేళకు చాలాచోట్ల ఆ కాలనీ సందునే చూపిస్తారు. అంతిమయాత్ర నడిచింది మెయిన్ బజారు మీదుగా. పేరు మాత్రం సందుకు. ఊరందరి కోసం పోయినవాడి పేరు ఊరందరూ నడిచే రోడ్డుకు ఉండాలి. తీర్మానం రాసే రోజునే పట్టుబట్టి అడగాల్సిన సంగతి ఇది, తరవాత మార్చడం అయ్యే పని కాదు.

మళ్లీ 1962, 65, 71 వాళ్ల దగ్గరకు రావాలి. అంతిమయాత్ర నడవలేదు కాబట్టి వాళ్లకు దారి లేదు. పేరు ఇప్పుడైనా పెట్టొచ్చు. వాళ్ల భార్యలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇప్పుడు డెబ్బైలు, ఎనభైలు దాటినవాళ్లు. ఏ యూనిట్, ఏ సెక్టారు, టెలిగ్రాం ఎప్పుడొచ్చింది అన్నవి వాళ్ల దగ్గరే ఉన్నాయి. ముందు వాళ్లను అడిగి ట్రంకు మూతకు, టెలిగ్రాంకు, పెన్షన్ పుస్తకానికి ఫొటోలు తీయాలి. రికార్డ్స్ ఆఫీసు జవాబు, తీర్మానం, బోర్డు ఆ తరవాత నెమ్మదిగా అవుతాయి. బోర్డు లేచిన రోజునే గూగుల్ మ్యాప్స్‌లో రోడ్డు పేరు సవరణ పంపాలి, బోర్డు ఫొటో జతచేస్తే మేలు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తెలుగు పేరుకు ఒక గడి, పాత పేరుకు ఒక గడి విడిగా ఉంటాయి, రెండూ నింపాలి.